భిక్షుణి ఉపసంపద: పరంపర తెగిందన్న మాటలో నిజమెంత, ఇప్పుడు తీసుకోదలిస్తే చూసుకోవలసినవేమిటి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా చెల్లెలికి 29 ఏళ్ళు, పెళ్ళి కాలేదు. కొన్నేళ్ళుగా థేరవాద పద్ధతిలో ధ్యానం చేస్తోంది. ఇప్పుడు భిక్షుణి అవుతానంటోంది. ఒక భంతేని (బౌద్ధ భిక్షువుని) అడిగితే భిక్షుణీ సంఘం వెయ్యేళ్ళ కిందటే అంతరించిపోయింది, పది శీలాలతో సరిపెట్టుకోవాలి అన్నారు. నిజమేనా? ఒకవేళ దీక్ష దొరికినా భిక్షువుల కింద సేవ చేయడం తప్ప ఆమెకంటూ అధికారం ఏమైనా ఉంటుందా?"

భంతే గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. థేరవాదంలో, అంటే శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్‌లలో నిలిచిన బౌద్ధశాఖలో, భిక్షుణీ పరంపర తెగిన మాట వాస్తవం. మళ్ళీ కలవలేదన్నది మాత్రం వాస్తవం కాదు. 1998 నుంచి శ్రీలంకలో స్త్రీలకు ఉపసంపద, అంటే పూర్తి భిక్షుణీ దీక్ష, ఇస్తున్నారు. ఆ ఉపసంపద చెల్లదనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ వాదన ఊరికే కొట్టిపారేయదగ్గది కాదు. అందుకని ముందు ఆ వాదన ఏమిటో, దానికి జవాబేమిటో చెబుతాను. తరవాత మీ చెల్లెలు ఏ మెట్లు ఎక్కాలో, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో చెబుతాను. మీ రెండో ప్రశ్నకు, అంటే అధికారం సంగతికి, సమాధానం ఉపసంపద రోజున తేలేది కాదు. ఆ తరవాతి 12 వర్షావాసాలు (వానాకాలంలో మూడు నెలలు ఒకేచోట ఉండే వ్రతం, ఏడాదికొకటి) ఆమె ఎక్కడ, ఎవరితో గడుపుతుందన్నదాన్ని బట్టి తేలుతుంది.

మొదట మాటల తేడా తెలియాలి. శ్రీలంకలో దస సిల్ మాతలు, బర్మాలో తిలషిన్‌లు, థాయ్‌లాండ్‌లో మేచీలు ఎనిమిదో పదో శీలాలు తీసుకుని, తల గొరిగించుకుని, ఆశ్రమాల్లో ఉంటారు. జీవితమంతా బ్రహ్మచర్యమే. కానీ వినయపిటకం (సంఘ నియమాల గ్రంథం) లెక్కలో వాళ్ళు సంఘ సభ్యులు కారు, ఉపాసికలే. ఉపోసథంలో (పదిహేను రోజులకోసారి సంఘం నియమాలు పఠించే సభలో) కూర్చోలేరు, సంఘకర్మలో (సంఘం కూర్చుని చేసే అధికారిక నిర్ణయంలో) ఓటు లేదు, ఎవరికీ ఉపసంపద ఇవ్వలేరు. భిక్షుణి సంగతి వేరు. ఆమెకు పాతిమోక్ఖ అనే 311 నియమాల జాబితా ఉంటుంది, సొంత సంఘం ఉంటుంది, ఆ సంఘానికి సొంతంగా నిర్ణయం తీసుకునే హక్కు ఉంటుంది. "పది శీలాలు చాలవా, నిబ్బాణానికి వేషమెందుకు" అని చాలామంది మంచి మనసుతోనే అంటారు. సాధనకు చాలవచ్చు. సంఘంలో మాట చెల్లడానికి చాలవు. భిక్షువుకు అదే సలహా ఎవరూ ఇవ్వకపోవడం గమనించండి.

ఇక పరంపర సంగతి. వినయపిటకంలోని చుల్లవగ్గ పదో ఖంధకం (అధ్యాయం) చెప్పేదాని ప్రకారం బుద్ధుడి పినతల్లి మహాపజాపతి గౌతమి కపిలవస్తులో మూడుసార్లు అడిగింది, బుద్ధుడు మూడుసార్లూ వద్దన్నాడు. ఆమె జుట్టు తీయించుకుని, కాషాయం కట్టి, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని వైశాలి దాకా నడిచి వచ్చింది. కాళ్ళు వాచి, దుమ్ము కొట్టుకుపోయి గుమ్మం బయట నిలబడ్డ ఆమెను చూసి ఆనందుడు తానే వెళ్ళి అడిగాడు: స్త్రీ అర్హత్వం పొందగలదా? పొందగలదన్నాడు బుద్ధుడు. ఎనిమిది గరుధమ్మాలను (భిక్షుణులు జీవితాంతం పాటించవలసిన పెద్ద నియమాలను) అంగీకరించడమే గౌతమికి ఉపసంపద అయింది. మరి తనతో వచ్చిన స్త్రీల మాటేమిటని ఆమె అడిగినప్పుడు బుద్ధుడు ఇచ్చిన అనుమతి, భిక్షువులు భిక్షుణులకు ఉపసంపద ఇవ్వవచ్చునని. మొత్తం వివాదానికి కీలు ఈ ఒక్క వాక్యంలో ఉంది.

కొన్నాళ్ళకు ఇంకో చిక్కు వచ్చింది. ఉపసంపదకు ముందు అభ్యర్థిని కొన్ని ప్రశ్నలడగాలి. వాటిని అంతరాయిక ధమ్మాలంటారు. పురుషులకు 13, స్త్రీలకు 24. ఆ 24లో పదకొండు స్త్రీ శరీరానికి సంబంధించినవి. మగవాళ్ళ ముందు ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేక స్త్రీలు సిగ్గుతో మూగబోయేవారు. అందుకని, ముందు భిక్షుణీ సంఘంలో ప్రశ్నలు ముగించి అక్కడ ఉపసంపద ఇచ్చి, ఆపైన భిక్షు సంఘం దగ్గరికి తీసుకువెళ్ళి పూర్తి చేయమన్నాడు. దీన్నే ఉభయ సంఘ ఉపసంపద అంటారు. ఇప్పటి ప్రామాణిక పద్ధతి ఇదే. వ్యతిరేకించేవాళ్ళ వాదన ఇక్కడినుంచే పుడుతుంది: భిక్షుణి కావాలంటే భిక్షుణీ సంఘం కావాలి, ఉన్న సంఘం అంతరించింది, కాబట్టి దారి మూసుకుపోయింది.

దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి గ్రంథం నుంచి, ఒకటి చరిత్ర నుంచి.

గ్రంథం సంగతి చూడండి. భిక్షువుల విషయంలో మొదట త్రిశరణాలు చెప్పించి ఉపసంపద ఇచ్చేవారు. తరవాత ఒక ప్రతిపాదన, మూడు ప్రకటనలతో సంఘం ఆమోదించే పద్ధతి వచ్చింది. అప్పుడు పాత పద్ధతిని రద్దు చేస్తున్నానని బుద్ధుడు స్పష్టంగా అన్నాడు. స్త్రీల విషయంలో భిక్షువులు మాత్రమే ఇచ్చే పాత అనుమతిని రద్దు చేసిన వాక్యం ఎక్కడా లేదు. భిక్షు అనాలయో, భిక్షు బోధి వంటి వినయ పండితులు ఈ తేడా మీదే నిలబడ్డారు. వాళ్ళకంటే చాలా ముందు, 1949లో, బర్మాలోని మింగున్ జేతవన సయడా మిలిందపఞ్హ అనే పాళీ గ్రంథం మీద రాసిన వ్యాఖ్యలో ఇదే తేల్చారు: భిక్షుణీ సంఘం లేని కాలంలో భిక్షువులే ఉపసంపద ఇవ్వవచ్చు. భూటాన్‌లో 2022 జూన్‌లో అక్కడి ప్రధాన మతాధిపతి జే ఖెన్‌పో 144 మంది స్త్రీలకు పూర్తి దీక్ష ఇచ్చారు. అక్కడిది మూలసర్వాస్తివాద వినయం, థేరవాదం కాదు. కానీ తర్కం ఇదే, భిక్షు సంఘం ఒక్కటే ఇచ్చింది.

చరిత్ర ఇంకా గట్టిది. అశోకుడి కూతురు సంఘమిత్త క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో శ్రీలంకకు వెళ్ళి రాణి అనులకు, ఆమె పరివారానికి ఉపసంపద ఇచ్చింది. అక్కడినుంచి సింహళ భిక్షుణులు ఓడ ఎక్కి చైనాకు వెళ్ళారు. దేవసార అనే భిక్షుణి ఆధ్వర్యంలో, క్రీ.శ. 434 ప్రాంతంలో ఇప్పటి నాన్‌జింగ్‌లో మూడు వందలకు పైగా చైనా భిక్షుణులకు ఉభయ సంఘ పద్ధతిలో మళ్ళీ ఉపసంపద జరిగింది. ముందు వచ్చిన భిక్షుణులు పదిమందికి తక్కువై ఆగిపోతే, ఇంకో ఓడలో మరికొందరు వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఆగారు. గణపూర్తి లేకుండా చేయలేదు. అటు చైనాలో, తరవాత కొరియాలో, వియత్నాంలో భిక్షుణీ సంఘం బతికింది. ఇటు శ్రీలంకలో చోళుల దండయాత్రల తరవాత 11వ శతాబ్దంలో భిక్షు సంఘం, భిక్షుణీ సంఘం రెండూ చితికిపోయాయి. రాజు విజయబాహు బర్మా నుంచి భిక్షువులను తెప్పించి మగవారి పరంపరను నిలబెట్టాడు. ఆడవారిది నిలబెట్టలేదు. మగవారి పరంపర తరవాత కూడా తెగింది. 1753లో సియాం నుంచి ఉపాలి థేరుణ్ణి రప్పించి మళ్ళీ ఉపసంపదలు ఇప్పించారు. నేటి సియాం నికాయ (భిక్షువుల శాఖ) అలా పుట్టింది. బయటి దేశం నుంచి దీపం తెచ్చి వెలిగించుకోవడం భిక్షువులకు చెల్లినప్పుడు, తమ దేశం నుంచే వెళ్ళిన దీపాన్ని తిరిగి తెచ్చుకోవడం స్త్రీలకు ఎందుకు చెల్లదు? ఈ ప్రశ్నకు నాకు ఇంతవరకు నిలబడే జవాబు కనిపించలేదు.

ఎదుటివారు చెప్పేది ఒకటుంది. చైనా వాళ్ళది ధర్మగుప్తక వినయం, మనది థేరవాదం, రెండూ వేరు సంవాసాలు (వేరువేరుగా సంఘకర్మ చేసుకునే సమూహాలు), కలిపి సంఘకర్మ చేయకూడదు అని. భిక్షుణీ సంఘాన్ని పునరుద్ధరించినవాళ్ళు ఈ అభ్యంతరాన్ని పట్టించుకున్నారు. 1996 డిసెంబరులో సారనాథ్‌లో కొరియా సంఘం తోడ్పాటుతో పదిమంది సింహళ స్త్రీలకు ఉపసంపద జరిగింది. 1998 ఫిబ్రవరిలో బోధ్‌గయలో తైవాన్‌లోని ఫో గువాంగ్ షాన్ మఠం వారు పెద్ద ఎత్తున ఇచ్చారు. అక్కడ తీసుకున్న సింహళ స్త్రీలకు వెంటనే సారనాథ్‌లో థేరవాద భిక్షువులు మళ్ళీ కర్మ చేశారు. దీన్ని దళ్హికమ్మ అంటారు, గట్టిపరచడం అని. ఆ సింహళ భిక్షుణులు తమ దేశం వెళ్ళి, 1998 మార్చిలో దంబుల్లాలో ఇనామలువె సుమంగళ థేరుడి ఆధ్వర్యంలో 22 మంది దస సిల్ మాతలకు థేరవాద పద్ధతిలో ఇచ్చారు. ఇవాళ కావలసిన పవత్తినులు (ఉపాధ్యాయినులు), ఆచార్యులు థేరవాదం లోపలే దొరుకుతున్నారు. ఇప్పుడు మీ చెల్లెలు దంబుల్లా వరుసలో తీసుకుంటే చైనా ప్రసక్తే రాదు.

గుర్తింపు మాత్రం ఇంకా అతుకుల బొంతే. సియాం నికాయలోని మల్వత్త, అస్గిరియ పీఠాలు అధికారికంగా ఒప్పుకోలేదు. గుర్తింపు కార్డు మీద భిక్షుణి అని రాయించుకోవడానికి శ్రీలంకలో ఏళ్ళ తరబడి కొట్లాడవలసి వచ్చింది. థాయ్‌లాండ్‌లో 1928లో సంఘరాజు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అక్కడి భిక్షువులు స్త్రీలకు దీక్ష ఇవ్వకూడదు. అందుకే థాయ్ మహిళ ధమ్మనందా భిక్షుణి 2003లో శ్రీలంకకు వెళ్ళి తీసుకుంది. బర్మాలో పరిస్థితి ఇంకా కఠినం. శ్రీలంకలో ఉపసంపద పొంది వచ్చిన ఒక భిక్షుణిని అక్కడ 2005లో జైల్లో పెట్టారు. 2009 అక్టోబరు 22న ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో నలుగురికి ఉభయ సంఘ ఉపసంపద జరిగితే, అందులో పాల్గొన్న భిక్షువు అజాన్ బ్రహ్మ్‌ను, ఆయన విహారాన్ని నవంబరు 1న థాయ్‌లాండ్‌లోని మాతృ విహారం వాట్ పా పాంగ్ తన బృందం నుంచి తీసేసింది.

ఇప్పుడు అసలు పద్ధతి. ఇల్లు వదిలిన రోజే ఎవరూ భిక్షుణి కారు.

మొదటిది పబ్బజ్జ. తల గొరిగించి, కాషాయం ఇచ్చి, త్రిశరణాలు, పది శీలాలు చెప్పించి శ్రామణేరిని (తొలి మెట్టు సన్యాసినిని) చేస్తారు. రెండోది సిక్ఖమానా (శిక్షణలో ఉన్న అభ్యర్థి) దశ, పూర్తిగా రెండేళ్ళు. చంపకపోవడం, దొంగిలించకపోవడం, బ్రహ్మచర్యం, అబద్ధమాడకపోవడం, మత్తు ముట్టకపోవడం, మధ్యాహ్నం దాటాక తినకపోవడం: ఈ ఆరింటినీ ఒక్కసారి కూడా తప్పకుండా పాటించాలి. ఒకటి తప్పితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ రెండేళ్ళ శిక్షణకు భిక్షుణీ సంఘం కూర్చుని కర్మవాచతో (నిర్ణీత పాళీ వాక్యాలతో) అనుమతి ఇవ్వాలి. ఊరికే "నువ్వు ఇవాళ్టినుంచి సిక్ఖమానావి" అంటే కుదరదు. ఈ దశను కొన్నిచోట్ల ఎగరగొట్టేస్తారు. దంబుల్లాలో మొదట ఇచ్చినప్పుడు ఆ స్త్రీలు అప్పటికే ఏళ్ళకేళ్ళు పది శీలాలు పాటించినవాళ్ళు, పది శీలాల్లో ఈ ఆరూ ఉన్నాయన్న వాదన ఉంది. కొత్తగా వచ్చిన 29 ఏళ్ళ అమ్మాయికి ఆ వాదన వర్తించదు. మూడు నెలల్లో భిక్షుణిని చేస్తామన్న చోటికి వెళ్ళనివ్వకండి.

మూడోది ఉపసంపద. వయసు 20 నిండాలి, మీ చెల్లెలికి ఆ బాధ లేదు. ఉపాధ్యాయినిని పవత్తిని అంటారు. ఆమెకు కనీసం 12 వర్షావాసాలు నిండి ఉండాలి, సంఘం ఆమెను ఆ పనికి ఒప్పుకుని ఉండాలి. భిక్షువుల్లో ఉపాధ్యాయుడికి 10 చాలు. ఇక్కడ చిన్న లెక్క చేయండి: 1998లో ఉపసంపద పొందినవాళ్ళు పవత్తినులు కాగలిగింది 2010కి. అంతవరకు ఎవరు ఎవరికి పవత్తినిగా ఉన్నారన్నది మీరు వెళ్ళే ఆశ్రమం స్పష్టంగా చెప్పగలగాలి. రికార్డు చూపమని అడగడం అవమానం కాదు. వినయం తెలిసిన పెద్దలు దాన్ని ఇష్టపడతారు.

ఇంకో నియమం: ఒక పవత్తిని ఏటేటా ఉపసంపద ఇవ్వకూడదు, ఒకే ఏడాదిలో ఇద్దరికి ఇవ్వకూడదు. అంటే రెండేళ్ళకు ఒక్క శిష్యురాలు. భిక్షుణీ సంఘాలు నెమ్మదిగా పెరగడానికి వ్యతిరేకత ఎంత కారణమో ఈ నియమం కూడా అంతే కారణం. ఒకే పవత్తిని ఒకే రోజున అనేకమందికి ఇచ్చే చోట్లున్నాయి. ఆ అపరాధం పవత్తినిది, అభ్యర్థి ఉపసంపద దానివల్ల చెల్లకుండా పోదు. కానీ అంతమందిని చేర్చుకున్న గురువుకు ఒక్కొక్కరికీ సమయం ఇవ్వడం కష్టం. కొత్త భిక్షుణి రెండేళ్ళు పవత్తిని వెంటే ఉండాలి, పవత్తిని రెండేళ్ళు ఆమెకు అన్నీ నేర్పాలి. అవి ఇద్దరికీ విధులు.

కావలసినవి: ఇనుముదో మట్టిదో భిక్షాపాత్ర, అయిదు చీవరాలు. భిక్షువుకు మూడే. స్త్రీకి అదనంగా రొమ్ము కప్పే సంకచ్చిక, స్నానానికి ఉదకసాటిక ఉండాలి. అప్పులుండకూడదు, ప్రభుత్వ కొలువులో ఉండకూడదు, తల్లిదండ్రుల అనుమతి కావాలి, పెళ్ళయితే భర్త అనుమతి కూడా. చదువుకోసం తీసుకున్న బ్యాంకు రుణం కూడా అప్పే. 24 ప్రశ్నల్లో అది వస్తుంది, అబద్ధం చెబితే ఆ జీవితం అబద్ధంతో మొదలవుతుంది. ముందు తీర్చేయండి.

ఎంతమంది ఉండాలి? మజ్ఝిమదేశంలో, అంటే బుద్ధుడు తిరిగిన గంగా పరివాహక ప్రాంతంలో, పదిమంది భిక్షువులు. బోధ్‌గయ, సారనాథ్ అక్కడివే. పొలిమేర దేశాల్లో వినయధరుడితో (వినయం క్షుణ్ణంగా తెలిసిన భిక్షువుతో) కలిపి అయిదుగురు చాలు. మహావగ్గలో ఇందుకు కారణం కూడా ఉంది. అవంతి దక్షిణాపథంలో సోణ కుటికణ్ణుడికి ఉపసంపద ఇవ్వడానికి పదిమందిని పోగుచేసేసరికి మూడేళ్ళు పట్టింది. ఆ సంగతి తెలిసి బుద్ధుడు లెక్క తగ్గించాడు. మన ఆంధ్రదేశం ఆ పాత సరిహద్దుల ప్రకారం పొలిమేర దేశమే. అయినా చాలామంది పెద్దలు జాగ్రత్త కోసం రెండు వైపులా పదేసిమందిని పెట్టుకుంటారు. అది మంచిది. ఒక్కరి ఉపసంపదలో దోషం తరవాత బయటపడ్డా మిగతావాళ్ళతో గణపూర్తి నిలుస్తుంది.

సంఘకర్మ చెడిపోయేది అయిదు చోట్ల. అభ్యర్థి అర్హత, ప్రతిపాదన, ప్రకటనలు, సీమ, సభ. వీటిలో అన్నిటికంటే ఎక్కువగా పట్టుకునేది సీమ. సీమ అంటే సంఘం కర్మ చేసి నిర్ణయించిన హద్దు. ఆ హద్దు లోపల ఉన్న ప్రతి సభ్యుడూ చేతికందే దూరంలో, సుమారు రెండున్నర మూరల్లో, కూర్చుని ఉండాలి, లేదా సమ్మతి పంపాలి. ఎవరో ఒక భిక్షువు సీమ లోపల తన గదిలో నిద్రపోతుంటే కర్మ చెల్లదు. పాత సీమ మీద కొత్త సీమ పడినా చెల్లదు. రెండు సీమలను కలుపుతూ చెట్టు కొమ్మ వాలి ఉన్నా అనుమానమే, అందుకే పెద్దలు ముందురోజు చుట్టూ తిరిగి కొమ్మలు కొట్టిస్తారు. అద్దె హాల్లో, హోటల్లో ఉపసంపద పెడితే సీమ ఎలా కట్టారో తప్పకుండా అడగండి. చేతికందే దూరం అన్నందువల్లే వీడియో కాల్ ద్వారా ఉపసంపద కుదరదు.

అయితే ఒక వెసులుబాటు ఉంది. అడ్ఢకాసి అనే గణిక ఉపసంపద కోసం శ్రావస్తికి బయల్దేరబోతే దారిలో దుండగులు కాచుకున్నారు. అప్పుడు బుద్ధుడు, భిక్షుణీ సంఘంలో సగం పూర్తయినవారికి దూత ద్వారా భిక్షు సంఘం దగ్గర మిగతా సగం పూర్తి చేయవచ్చన్నాడు. సమర్థురాలైన ఒక భిక్షుణి దూతగా వెళ్ళాలి. సిగ్గుపడితే ప్రశ్నల పద్ధతి మారింది, మనుషులు చాలకపోతే లెక్క తగ్గింది, దారిలో ప్రమాదముంటే దూత వచ్చింది. నియమాన్ని ఆడవాళ్ళ దారికి అడ్డుగోడగా పెట్టేవాళ్ళకు ఈ మూడు సందర్భాలూ చూపించండి.

పాళీ ఉచ్చారణ గురించి ఒక్క మాట. ప్రతిపాదన, ప్రకటనల్లో అక్షరం తప్పినా అనుమానం వస్తుంది. మనవాళ్ళకు అనుస్వారం, ద-ధ తేడాలు అలవాటే కనుక సింహళ, థాయ్ అభ్యర్థులకంటే సులువు. అభ్యర్థి చెప్పవలసిన భాగం నాలుగు వారాలు రోజూ వల్లిస్తే వచ్చేస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న: అధికారం.

ఎనిమిది గరుధమ్మాల్లో మొదటిది, వందేళ్ళ దీక్ష ఉన్న భిక్షుణి కూడా ఆనాడే దీక్ష తీసుకున్న భిక్షువుకు లేచి నమస్కరించాలన్నది. దీన్ని చక్కెర పూసి చెప్పను, అది అసమానతే. భిక్షువు లేని చోట వర్షావాసం ఉండరాదు, పదిహేను రోజులకోసారి భిక్షు సంఘాన్ని ఉపోసథం తేదీ అడిగి ఉపదేశం కోరాలి, భిక్షుణి భిక్షువును మందలించరాదు వంటివి మిగతావి. వీటిలో చాలావాటిని పాచిత్తియ (తప్పు ఒప్పుకుంటే తీరే అపరాధాల) నియమాలుగా తరవాతెప్పుడో, ఫలానా సంఘటన జరిగితే పెట్టినట్టు అదే వినయపిటకం చెబుతోంది. మొదటిరోజే ఉండి ఉంటే మళ్ళీ పెట్టే పనేముంది? ఆరో గరుధమ్మం రెండేళ్ళ సిక్ఖమానా శిక్షణ గురించి, ఉభయ సంఘాల గురించి మాట్లాడుతుంది. గౌతమి అడిగేనాటికి భిక్షుణీ సంఘమే లేదు కదా. అందువల్ల ఈ జాబితా తరవాత కూర్చి ముందుకు తెచ్చినదని పలువురు పండితుల అభిప్రాయం, నాకూ అదే సబబుగా తోస్తుంది. తైవాన్‌లో 2001లో చావ్-హ్వే భిక్షుణి వీటిని రద్దు చేయాలని బహిరంగంగా పిలుపునిచ్చింది. థేరవాద భిక్షుణులు ఎక్కువమంది రద్దు అనరు. ఎనిమిదోదాన్ని, అంటే భిక్షువును మందలించరాదన్నదాన్ని, మాత్రం సరిగా చదవమంటారు. అది సంఘపరమైన మందలింపు గురించి, బోధన గురించి కాదు. మజ్ఝిమనికాయంలోని చూళవేదల్ల సుత్తంలో ధమ్మదిన్నా భిక్షుణి తన మాజీ భర్త విశాఖుడు అడిగిన చిక్కు ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతుంది. అతను వెళ్ళి బుద్ధుడికి చెబితే, నన్నడిగినా ఇదే చెప్పేవాణ్ణి అన్నాడు బుద్ధుడు. ఖేమా భిక్షుణి కోసల రాజు పసేనదికి బోధించింది. బోధించే హక్కు గురించి తగువే లేదు.

మన నేల మీది సాక్ష్యం కూడా ఉంది. అమరావతి స్తూపం శాసనాల్లో దాతలుగా భిక్షుణుల పేర్లు కొల్లలు. వాటిలో ఒకదాంట్లో వినయధరుడైన పునవసు శిష్యురాలు సముదియను ఉపాధ్యాయిని అని రాశారు, ఆమె శిష్యురాలి పేరు కూడా చెక్కారు. అంటే కృష్ణ ఒడ్డున శాతవాహనుల నాటికే ఒక స్త్రీ వినయం నేర్చి, శిష్యురాళ్ళను చేర్చుకుని, ఆ హోదాతో పేరు చెక్కించుకుంది. నాగార్జునకొండ దగ్గర ఇక్ష్వాకుల రాజకుటుంబపు స్త్రీ చాంతిసిరి మహాచైత్యం కట్టించిన సంగతి అందరూ చెప్పుకుంటారు. నాకు సముదియ శాసనం అంతకంటే విలువైనది. చాంతిసిరిది డబ్బు అధికారం, సముదియది సంఘంలో అధికారం.

ఇప్పటి ఆశ్రమాల్లో ఆ అధికారం ఉందో లేదో ఎలా పసిగట్టాలి? ఆశ్రమం గోడ మీద ఎవరి ఫోటో పెద్దదో చూడకండి. ఈ సంగతులు కనుక్కోండి. అక్కడ భిక్షుణులు కనీసం నలుగురున్నారా? నలుగురుంటేనే సంఘం, అప్పుడే వాళ్ళు సొంతంగా పాతిమోక్ఖ పఠించి ఉపోసథం చేయగలరు. ఇద్దరు ముగ్గురైతే ఒకరికొకరు పరిశుద్ధి (తమలో తప్పు లేదని) చెప్పుకోవడంతో సరి. వాళ్ళకు సొంత సీమ ఉందా, లేక భిక్షువుల సీమకు వెళుతున్నారా? నేల, భవనం ఎవరి పేరున ఉంది? భిక్షువుల ట్రస్టు పేరునో ఒక దాత పేరునో ఉంటే, అభిప్రాయభేదం వచ్చిన రోజున భిక్షుణులు మూట సర్దుకోవాలి. ట్రస్టులో ఎంతమంది భిక్షుణులు సంతకం హక్కుతో ఉన్నారు? దానాల లెక్క ఎవరు చూస్తారు? భిక్షుణి చేత్తో డబ్బు ముట్టుకోదు కనుక లెక్క చూసే గృహస్థుడు ఎవరికి జవాబుదారీ అన్నది తెలియాలి. చదువు చెప్పేవాళ్ళు ఉన్నారా? నా లెక్కలో పూజల్లో ముందు వరుసలో కూర్చోబెట్టడం కంటే చదువు ముఖ్యం. టిబెటన్ పరంపరలో స్త్రీలకు పూర్తి ఉపసంపద ఇంకా తేలకముందే 2016లో ఇరవైమంది సన్యాసినులు గెషెమా పట్టా అందుకున్నారు. భిక్షువుల గెషె పట్టాతో సమానం అది. ఆ పట్టా వచ్చాక వాళ్ళు తమ మఠాల్లో తామే తత్వశాస్త్రం బోధిస్తున్నారు. అంతకుముందు బోధకుడి కోసం మగ మఠాల వైపు చూడవలసి వచ్చేది.

రక్షణ సంగతి నాయకత్వంతో ముడిపడి ఉంది. భిక్షుణి ఒంటరిగా ఊరికి వెళ్ళడం, ఒంటరిగా రాత్రి గడపడం సంఘాదిసేస అపరాధం, పారాజిక (సంఘం నుంచి శాశ్వతంగా పోగొట్టే తప్పు) తరవాత అంత పెద్దది. దానినుంచి బయటపడాలంటే పదిహేను రోజుల మానత్త (ప్రాయశ్చిత్తం), ఆపైన 20 మంది భిక్షుణుల సంఘం కూర్చుని వెనక్కి తీసుకోవాలి. ఇరవైమంది దొరికే చోటు మన దేశంలో ఎక్కడ? అందువల్ల దీక్ష తీసుకుని వచ్చి ఇంటి డాబా మీద గదిలో ఒంటరిగా ఉంటానంటే కుదరదు. కనీసం ఇంకొక భిక్షుణి తోడు కావాలి. తెలుగునాట ఇది పెద్ద అడ్డంకి. పన్నెండు వర్షావాసాలు నిండకుండా, తోడు లేకుండా తిరిగి వచ్చిన భిక్షుణి ఏదో ఒక విహారంలో భిక్షువుల వంటగది దగ్గర తేలుతుంది. మీరు భయపడ్డది సరిగ్గా అదే కదా. నిండాక తిరిగి వస్తే పవత్తిని కాగలదు, ముగ్గురిని తోడు తెచ్చుకోగలిగితే సంఘమే వస్తుంది.

మీ చెల్లెలికి నేను చెప్పే వరుస ఇది. ముందు ఒక వర్షావాసం, అంటే మూడు నెలలు, ఎనిమిది శీలాలతో భిక్షుణులున్న ఆశ్రమంలో అతిథిగా గడపాలి. జుట్టు తీయించుకోనక్కర్లేదు. శ్రీలంకలో దంబుల్లా వరుస ఆశ్రమాలు, దెకందువెల శిక్షణ కేంద్రం, థాయ్‌లాండ్‌లో నఖోన్ పథోం దగ్గర సోంగ్‌ధమ్మకల్యాణి, పెర్త్‌లో ధమ్మసార ఉన్నాయి. ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు, కానీ శ్రీలంకలో సింహళం నేర్చుకుంటేనే వినయం పాఠాలు ఒంటపడతాయి. రెండేళ్ళకు మించి ఉండాలి కనుక పర్యాటక వీసా సాగదు. నివాస వీసాకు ఆశ్రమం సిఫారసు లేఖ ఇస్తుందా అని మొదటి ఉత్తరంలోనే అడగాలి. ఆరోగ్య బీమా తీసుకుని, పళ్ళు, కళ్ళు ఇక్కడే చూపించుకుని వెళ్ళాలి. ఆస్తి పంపకాలేమైనా ఉంటే పబ్బజ్జకు ముందే రాతకోతలు ముగించండి, తరవాత అన్నదమ్ముల మధ్య ఆమెను సంతకాల కోసం లాగవద్దు. ఇదే ప్రశ్న పెళ్ళయిన స్త్రీలెవరైనా చదువుతుంటే, వారికి ఒక మాట: హిందూ వివాహ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది, అందులో 13వ సెక్షను ప్రకారం సన్యాసాశ్రమంలో చేరడం అవతలివారికి విడాకుల కారణమవుతుంది. ముందే మాట్లాడుకుని తేల్చుకోవడం ఇద్దరికీ గౌరవం.

ఉత్తరం ఆశ్రమం పేరుకు కాదు, పవత్తిని పేరుకు రాయమనండి. అందులో తన వయసు, ఆరోగ్యం, అప్పులు, అమ్మానాన్నల సమ్మతి, ఇంతవరకు చేసిన సాధన రాయాలి. తరవాత నేరుగా అడగాలి: మీకు ఎన్ని వర్షావాసాలు నిండాయి, సిక్ఖమానా శిక్షణ రెండేళ్ళూ ఇస్తారా, ఉపసంపద తరవాత రెండేళ్ళు మీ దగ్గరే ఉంచుకుంటారా, ఈ ఏడాది ఇంకెవరినైనా ఒప్పుకున్నారా? వర్షావాసం ఆషాఢ పున్నమి మర్నాడు మొదలవుతుంది. అతిథుల గదులు అంతకు చాలా ముందే నిండిపోతాయి కనుక ఉత్తరం మాఘమాసానికే వెళ్ళాలి.